కౌముది రూలు

జూన్ 16, సోమవారం

ఛీ. ఈ బెంగాలీ ఊరికి వచ్చిన దగ్గర్నుంచీ నా బట్టలన్నిటికీ ఒకటే వాసన. చేపనీళ్లు, చెమట, ఆరని గోడలు. ఈరోజు ఖిదిర్‌పూర్ బస్సులో ఒకాయన సంచీలోంచి చేపనీళ్లు నా పాదం మీద కారాయి. ఆయన చూశాడు, నేనూ చూశాను. సంచీ మాత్రం జరపలేదు.

కొత్త పని ఏం పనో చూద్దామని పోతే అది ఇంకా కంపు. రేవు కార్మికుల వైద్య ట్రస్టుకు వాట్‌గంజ్‌లో ఒక ఆస్పత్రి, షాలిమార్‌లో ఒకటి. దేని డేటాబేసు దానిదే, ఒకదాని ముఖం ఇంకోటి ఎరగదు. రెండింటినీ కలిపి ఒక్కటి చేసి క్లౌడ్‌లోకి ఎక్కించాలట. వాట్‌గంజ్ సర్వరు మెట్ల కింద ఉంది. దాని మీద తపన్‌దా గొడుగు, టిఫిన్ డబ్బా, ఎలుక పెంటికలు. తపన్‌దా అంటే అక్కడి కౌంటరు గుమాస్తా. గొడుగు తియ్యమంటే, "ఎన్నో ఏళ్లుగా అక్కడే పెడుతున్నాను దీదీ, దానికేమీ కాలేదు" అన్నాడు. ఇంతమంది రోగుల వివరాలు, వాళ్ల మందులు, జబ్బులు, అన్నీ ఆ తడి గొడుగు కింద.

మా మేనేజర్ గోపీనాథ్ గారు నా వెనక నిలబడి ఆవనూనె కలిపిన మరమరాలు తింటూ, ఆ వేలితోనే నా స్క్రీన్ మీద చూపించారు. "కౌముదీ, దీన్ని గో-లైవ్ చేసి, అంతా సరిగ్గా ఉందని ట్రస్టు దగ్గర సైన్-ఆఫ్ సంతకం తెచ్చుకున్నామనుకో, నీ హైదరాబాద్ బదిలీ నేను చూసుకుంటా. మాటంటే మాటే." ఆ నూనె మరకను మూడుసార్లు తుడిచాను. పోలేదు. ఆయన మాట మాత్రం గట్టిగా పట్టుకున్నాను. ఈ ఊరి నుంచి నన్ను బయటపడేస్తే ఆయన ఎన్ని వేళ్లు పెట్టుకున్నా సరే.

జూన్ 18

డూప్లికేట్లు, డూప్లికేట్లు, డూప్లికేట్లు. రెండు డేటాబేసులనూ పక్కపక్కన పెడితే అవే పేర్లు ఇటూ ఉన్నాయి, అటూ ఉన్నాయి. ట్రస్టు కార్యదర్శి మీటింగులో నా వైపే చూస్తూ అన్నాడు: "మీ మద్రాసీ కూలీలు రెండు చోట్లా కార్డులు చేయించుకుని రెండుసార్లు మందులు పట్టుకుపోతారు. ఈ జబ్బు కొత్త సిస్టమ్‌లో ఉండకూడదు."

మద్రాసీ! మాది ఖమ్మం. మద్రాసు నేనెప్పుడూ చూడలేదు. ఒళ్లు మండిపోయింది. కానీ పేర్లు చూస్తే నిజంగానే సగానికి సగం తెలుగువాళ్లవే. అన్నీ టెక్కలి వైపు ఊళ్లు. పుట్టిన తేదీ అందరికీ జనవరి ఒకటి. వయసు తెలియనివాళ్లకు అప్పటి గుమాస్తాలు అలా రాసేసి ఉంటారు. నాకు ఆ కార్యదర్శి మీద కంటే వీళ్ల మీద ఎక్కువ రోత పుట్టింది. మీరు ఇలా చేసేబట్టే కదా వాడు నా ముఖం మీద అలా అనగలిగాడు!

జూన్ 19

అమ్మ ఫోను. అన్నయ్య కొడుక్కి కూడా తాతయ్య పేరే పెడుతున్నారట. ఇంట్లో ఇది మూడో రాఘవులు. పెద్దనాన్న కొడుకు ఒకడు, బాబాయి కొడుకు ఒకడు, ఇప్పుడు వీడు. "ఇంకో పేరే దొరకలేదా మీకు, ఒక్క కేకేస్తే ముగ్గురూ పలుకుతారు" అన్నాను. "మరి తాత పేరు నిలబడొద్దానే?" అంది అమ్మ. బారసాలకు రాగలవా అని అడిగింది. అప్పటికి హైదరాబాద్‌లోనే ఉంటానన్నాను.

జూన్ 20

డూప్లికేట్ల రూలు రాయాలి. గోపీనాథ్ గారు అందరి ముందూ, "కౌముది రాస్తుంది. తెలుగు పేర్లు, తెలుగు ఊళ్లు, మన పిల్లకు తెలియనివేముంటాయి?" అన్నారు. కార్యదర్శి తల ఊపాడు.

రాశాను. పేరు, ఇంటిపేరు, సొంత ఊరు, పుట్టిన తేదీ. నాలుగూ కలిస్తే ఒక్కడే మనిషి. రెండు రికార్డుల్లో కొత్తగా మార్చింది ఉంటుంది, పాతది పోతుంది. తండ్రి పేరు కూడా కలపాలా అని కాసేపు ఆగాను. కలిపి చూస్తే డూప్లికేట్లు దాదాపు ఏమీ దొరకలేదు. దొరకకపోతే కార్యదర్శి ఒప్పుకోడు. తండ్రి పేర్లు ఎటూ గుమాస్తాలు ఇష్టం వచ్చినట్టు రాసి ఉంటారు. తీసేశాను.

సరిగ్గానే రాశాను.

జూన్ 24, మంగళవారం

రిహార్సల్ బాగా జరిగింది. వందల రికార్డులు కలిసిపోయాయి. కార్యదర్శి ముఖం వెలిగిపోయింది. "చూశారా, ఎంతమంది దొంగలో!" అన్నాడు. గోపీనాథ్ గారు దానికి "కౌముది రూలు" అని పేరు పెట్టేశారు, మీటింగులో నాలుగుసార్లు అన్నారు. అన్న ప్రతిసారీ నా భుజం తట్టారు. ఇంటికి రాగానే స్నానం చేశాను.

అన్నపూర్ణ ఆంటీ అన్నం పెట్టింది. ఈవిడ ఇంట్లో పేయింగ్ గెస్టుగా ఉండటం ఒక్కటే ఈ ఊళ్లో నాకు దక్కిన సుఖం. భర్త పోర్టులో ఆఫీసరుగా చేసి పోయాడు, ఈవిడ ఖిదిర్‌పూర్ వదిలి కదల్లేదు. "ఏటమ్మా, అలా చేతులు అరిగిపోయేలా కడుగుతున్నావు? ఏటి ముట్టుకున్నావు?" అంది. ఏమీ లేదన్నాను.

జూన్ 29, ఆదివారం

గో-లైవ్. రెండు ఆస్పత్రులకూ సెలవు కాబట్టి పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికి ముగించాం. పాత సర్వర్లు ఆపేశాం. జూలై 14న వాటిని చెరిపేసి పాతసామాన్ల వాడికి ఇస్తారు. తపన్‌దా తన గొడుగు ఎక్కడ పెట్టుకోవాలని అడిగాడు.

జూలై 1

ఆఫీసులో కేక్. దాని మీద నీలం క్రీముతో మబ్బు, మబ్బులో మా కంపెనీ పేరు. గోపీనాథ్ గారు ఒక ముక్క తీసి నా నోట్లో పెట్టబోయారు. చేత్తో తీసుకున్నాను. ఫోటో కోసం మళ్లీ పెట్టబోయారు. ఈసారి నోరు తెరిచాను. డాల్డా క్రీము అంగిట్లో అంటుకుని సాయంత్రం దాకా వదల్లేదు. హైదరాబాద్, హైదరాబాద్, హైదరాబాద్.

జూలై 3, గురువారం

పొద్దున వంటింట్లో సుగుణ నన్ను ఆపింది. ఆంటీకి వంట చేసిపెట్టే ఆవిడ. వాట్‌గంజ్ నుంచి వస్తుంది. నడుంలోంచి భర్త కార్డు తీసింది. ట్రస్టు కొత్త కార్డు. మేం ఇచ్చినదే.

"ఇదేటమ్మా, సూడు. మా మావకి సుగరని రాసేసినారంట. మావకి సుగరెప్పుడొచ్చినాది? సుగరు సాలిమారు బావగారికి కదా!"

షాలిమార్ బావగారెవరు అని అడిగాను.

"మా మావకి పెదనాన్న కొడుకు. ఆయనా పెద్దిరాజే, ఈయనా పెద్దిరాజే. తాత పేరు కదమ్మా, ఇద్దరికీ ఎట్టినారు. ఇద్దరూ ఒక్క రైల్లోనే వొచ్చినారు. ఒక్కరోజే పన్లో సేరినారు. ఈయన రేవులో, ఆయన సాలిమారు గూడ్సు యార్డులో."

కార్డు మీద పేరు చూశాను. బమ్మిడి పెద్దిరాజు. సొంత ఊరు టెక్కలి దగ్గర. పుట్టిన తేదీ జనవరి ఒకటి.

"కంప్యూటర్లో ఏదో పొరపాటు, నేను చూస్తాలే" అన్నాను.

"మావకి ఆ పెన్సిలిన్ సూది పడదమ్మా. అది కూడా పాత కంప్యూటర్లో ఎర్రగా ఉండీదంట. తపన్‌బాబు ఎప్పుడూ సెప్పీవోడు. ఇందులో అదేటీ నేదు."

ఆంటీ పక్క గదిలోంచి, "సుగుణా, పప్పు మాడిపోతోందే" అని అరిచింది. నేను బస్సు టైమైందని వచ్చేశాను. బస్సులో కూర్చోవడానికి సీటు దొరికింది. ఎవరి సంచీలోంచీ ఏమీ కారలేదు. అయినా డోకొచ్చింది.

జూలై 4

చూశాను. వాట్‌గంజ్ పెద్దిరాజు లేడు. మాయం. షాలిమార్ రికార్డు కొత్తది కాబట్టి అదే మిగిలింది. ఈయన పెన్సిలిన్ ఎలర్జీ పాత సర్వర్లో ఉండిపోయింది. రూలు చెప్పినట్టే చేసింది. రూలులో తప్పేమీ లేదు.

ఇంకో పేరు చూశాను, ఇంకోటి చూశాను. తండ్రుల పేర్లు వేరు, భార్యల పేర్లు వేరు, రక్తం గ్రూపులు కూడా వేరు. దొంగలు కాదు. అన్నదమ్ముల పిల్లలు. చూడటం ఆపేశాను. మా ఇంట్లో ముగ్గురు రాఘవులున్నారు. నాకు తెలియదని ఎవరితో చెప్పను?

గోపీనాథ్ గారికి చెప్పాను. తలుపు మూశారు. "ఎంతమంది?" అన్నారు. తెలియదు, వందల్లో ఉండొచ్చన్నాను. పళ్ల సందున పుల్ల పెట్టుకుని కాసేపు తిప్పుకున్నారు.

"చూడమ్మా, సైన్-ఆఫ్ మంగళవారం. ఈలోపు ఒక్క రికార్డు మార్చినా వాళ్ల రిపోర్టులో కనపడుద్ది. కనపడితే ఎందుకని అడుగుతారు. అడిగితే ఎవరి రూలంటారు? సంతకం కానీ. తర్వాత మెయింటెనెన్సులో మెల్లగా సరిచేద్దాం."

"ఈలోపు ఎవరికైనా ఏమైనా అయితే?"

"నాలుగు రోజుల్లో ఏమవుద్ది?"

పుల్ల తీసి, దాని చివర చూసుకుని, నా టేబుల్ మీదున్న కప్పులో పడేశారు.

జూలై 5

నాలుగు రోజుల్లో ఏమవుతుంది.

జూలై 7

సుగుణ వచ్చేలోపే ఇంట్లోంచి బయటపడుతున్నాను. రెండు రోజులైంది. ఆంటీ, "ఏటమ్మా, ఇంత పెందలకడే ఆఫీసు తలుపులు తీస్తారేటి?" అంది. పని ఎక్కువగా ఉందన్నాను. నిజమే కదా. పని ఎక్కువే.

ఆలోచిస్తే ఇందులో అంత కంగారు పడాల్సిందేమీ లేదు. ఆయన పెద్ద మనిషి, సూది వెయ్యబోతే నోరు తెరిచి చెప్పుకోలేడా? డాక్టర్లు అడుగుతారు. ఎప్పుడూ అడుగుతారు. పైగా ఆయనకు జ్వరం రావాలి, ఆస్పత్రికి పోవాలి, వాళ్లకు ఆ సూదే వెయ్యాలనిపించాలి. ఇన్ని కలవాలి.

నాలుగు కలిస్తే ఒక్కడే మనిషి అని రాసినదాన్ని, ఇన్ని కలవవని నేనే అంటున్నాను. ఛీ.

జూలై 8, మంగళవారం

సంతకం పెట్టాను.

డేటా అంతా సరిగ్గా ఉందని మా తరఫున నేను, ట్రస్టు తరఫున కార్యదర్శి. అతను సందేశ్ మిఠాయి డబ్బా తెచ్చాడు. గోపీనాథ్ గారు గంటలోపే బదిలీ మెయిల్ పంపించారు. ఆగస్టు ఒకటి నుంచి హైదరాబాద్. అమ్మకు ఫోన్ చేస్తే ఏడ్చింది. నేను సందేశ్ తిన్నాను, ఇంకోటి తిన్నాను. ఇంత తియ్యగా ఉండి ఇంత వెగటుగా ఎలా ఉంటుందో అర్థం కాలేదు. రేపు మొదటి పని పెద్దిరాజు రికార్డు సరిచెయ్యడం. సైన్-ఆఫ్ అయిపోయింది కదా, ఇక అడ్డమేమిటి.

జూలై 9

మార్పులకు ఇంకా అనుమతి రాలేదు. గోపీనాథ్ గారు భువనేశ్వర్ వెళ్లారు. రేపు.

జూలై 10, గురువారం

సుగుణ వంటకు రాలేదు.

ఆంటీకి పొద్దున్నే ఫోనొచ్చింది. నిన్న పెద్దిరాజు కాలి పుండు చీము పట్టిందని వాట్‌గంజ్ ఆస్పత్రికి వెళ్లాడట. సూది తీస్తుంటే, "బాబూ, నాకు పెన్సిలిన్ పడదు" అని చెప్పాడట. తెలుగులో చెప్పాడు, హిందీలో చెప్పాడు, వచ్చిన బెంగాలీలో చెప్పాడు. తపన్‌దా కూడా కౌంటర్లోంచి కేకేశాడట, ఈయన పేరు పక్కన పాత కంప్యూటర్లో ఎర్రగీత ఉండేదని. డాక్టరు కొత్త స్క్రీన్ తిప్పి చూశాడట. స్క్రీన్ మీద ఏ ఎర్రగీతా లేదు. "పాత సిస్టమ్‌లో అన్నీ తప్పులే అని చెప్పారు కదా" అని సూది వేసేశాడు. నాలుక, పెదవులు, గొంతు వాచిపోయాయి. ఊపిరి ఆడలేదు. పెద్దాసుపత్రికి తీసుకుపోయారు.

బతికి ఉన్నాడు. ఆంటీ ఆ మాట మొదట చెప్పి ఉండాల్సింది. చివర చెప్పింది.

బాత్రూమ్‌లో వాంతి చేసుకున్నాను. రోత అంటే ఇన్నాళ్లూ చేపనీళ్లనుకున్నాను, ఆవనూనె వేలనుకున్నాను. అద్దంలో ముఖం చూసుకోలేదు. చూసుకుంటే మళ్లీ వస్తుందనిపించింది.

జూలై 11, శుక్రవారం

గోపీనాథ్ గారు భువనేశ్వర్ నుంచి పరుగున వచ్చారు. నా పక్క కుర్చీలో కూర్చుని గొంతు తగ్గించారు.

"రిపోర్టు అడుగుతున్నారు. నువ్వు రాయాలి. వాట్‌గంజ్ గుమాస్తా లేడూ, ఆయన పాత సిస్టమ్‌లో పేర్లు సరిగా ఎక్కించలేదని రాయి. డేటా ఎంట్రీ తప్పు. ఎలర్జీ వేసింది అతనే కదా, వేరే పెద్దిరాజు కార్డులో వేశాడేమో. ఎవరు చూడొచ్చారు? ఎలాగూ పాత సర్వర్లు సోమవారం చెరిపేస్తారు."

"తపన్‌దా సరిగ్గానే వేశాడండి. పోగొట్టింది నా రూలు."

"రూలు నీది కాదమ్మా, టీముది."

"మొన్నటిదాకా కౌముది రూలు అన్నారుగా!"

ఆయన నవ్వారు. పళ్ల సందున ఏదో ఇరుక్కుని ఉంది. "పిచ్చిదానా, నేనెవరి కోసం చెబుతున్నా? నీ బదిలీ కోసమే కదా. ఆ గుమాస్తాకు రిటైర్మెంటు దగ్గర పడింది, ఆయనకేం పోద్ది?"

ఆ మాటతో నాకు కంపరమెత్తింది. ఎందుకంటే అది కొత్త మాట కాదు. ఆయన నోట్లోంచి రాకముందే నా బుర్రలో ఒకసారి తిరిగి పోయింది. బస్సులో, పొద్దున, కిటికీ పక్క సీట్లో కూర్చుని, తపన్‌దా మీదికి తోసెయ్యచ్చు కదా అని నేనే అనుకున్నాను. ఆయన గొడుగు కూడా గుర్తొచ్చింది. తడి గొడుగు పెట్టేవాడు, జాగ్రత్త లేని మనిషి, అందరూ నమ్ముతారు అనుకున్నాను.

మెయిల్ ఒకటి ట్రస్టు కార్యదర్శికి నేరుగా పంపించాను. రూలు నాది. తండ్రి పేరు తీసేసింది నేను. తప్పని జూలై నాలుగునే నాకు తెలుసు, తెలిసే సంతకం పెట్టాను. తపన్‌దా ఎక్కించిన వివరాలు సరైనవి. పాత సర్వర్లు చెరపొద్దు. రూలు కలిపిన రికార్డులన్నీ విడదీసి, ప్రతి మనిషినీ పిలిచి అడిగి సరిచూడాలి. అంతవరకూ ఆ పేర్లవాళ్లకు స్క్రీన్ చూసి ఒక్క సూది కూడా వెయ్యొద్దని రెండు ఆస్పత్రులకూ ఈరోజే చెప్పండి. గోపీనాథ్ గారికి కాపీ పెట్టాను.

కార్యదర్శి ఫోన్ చేసి తిట్టాడు. బాగా తిట్టాడు. కానీ సర్వర్లు చెరపడం ఆపించాడు. రెండు ఆస్పత్రులకూ కబురు వెళ్లింది. సాయంత్రానికి బదిలీ వెనక్కి తీసుకున్నట్టు మెయిల్ వచ్చింది. ఉద్యోగం ఉంటుందో లేదో విచారణ తర్వాత చెబుతారట. అమ్మకు ఇంకా చెప్పలేదు.

గొప్ప పని చేశానని ఎక్కడా అనిపించలేదు. అనిపించాలని కాసేపు చూశాను కూడా. దానికీ ఛీ.

జూలై 12, శనివారం

ఆంటీతో కలిసి పెద్దాసుపత్రికి వెళ్లాను. వార్డులో ఫినాయిలు, ఉచ్చ, పాత రక్తం వాసన. ముక్కు మూసుకోలేదు.

మంచం మీద పెద్దిరాజు. పెదవులు ఇంకా వాచే ఉన్నాయి. కాళ్ల దగ్గర కూర్చుని ఇంకో ముసలాయన, అదే ముక్కు, అదే నుదురు, నెరిసిన మీసాలు. షాలిమార్ పెద్దిరాజు. నేను ఒక్కడిగా కలిపిన ఇద్దరూ ఒకే మంచం మీద ఉన్నారు. ఈయన కాలిని ఆయన ఒళ్లో పెట్టుకుని నిమురుతున్నాడు.

సుగుణ లేచి, "మావా, సెప్పినాను గదా, అన్నపూర్ణమ్మగారింట్లో ఉండే కంప్యూటరమ్మ. మన తెలుగమ్మాయే" అంది.

పెద్దిరాజు లేచి కూర్చోబోయాడు. మాట సరిగా రావడం లేదు, నాలుక ఇంకా బరువుగానే ఉంది. అయినా ముఖం విప్పారింది. "మన పిల్లా! ఏ ఊరమ్మా?"

"ఖమ్మం, బాబాయ్."

"దూరమే. అయినా మన పిల్లే కదా." అన్నకేసి చూశాడు. "అమ్మా, ఓ పని సేసిపెట్టు. ఆ కంప్యూటర్లో మా పేర్లు నువ్వు ఓపాలి సూడు. ఈ బెంగాలీబాబులకి మన పేర్లేటి తెలుస్తాయి? తాత పేరు ఇద్దరికి ఎడతారని ఆళ్లకెవుడు సెప్తాడు? ఆళ్ల తప్పు కూడా కాదులే."

చెప్పకుండా వచ్చేయొచ్చు. ట్రస్టుకు చెప్పేశాను కదా, ఈయనకు కూడా చెప్పాలా అనిపించింది. సరేనంటే చాలు, ఆశీర్వదించి పంపిస్తాడు.

"వాళ్లు కాదు బాబాయ్. నేనే. మీ ఇద్దర్నీ ఒక్కరని రాసింది నేనే."

సుగుణ చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది. ఆంటీ నా ముఖంలోకి చూసింది. పెద్దిరాజులిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత మంచం మీదాయన వాచిన పెదవులతో నవ్వాడు. నొప్పేసి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఊరుకోమ్మా. ఆ తపన్‌బాబు ఉజ్జోగం పోద్దని నీ మీదేసుకుంటన్నావు. మంచి మనసమ్మా నీది."

"లేదు బాబాయ్, నిజంగా నేనే."

ఆయన తల అడ్డంగా ఊపాడు. అన్న కూడా ఊపాడు. ఇద్దరూ ఒక్కలాగే ఊపారు.

"మన పేర్లు తెలిసినోళ్లు అలా రాత్తారేటమ్మా?"

మళ్లీ చెప్పాను. మళ్లీ నవ్వాడు. సుగుణ టీ గ్లాసు నా చేతికిచ్చింది, బిస్కెట్ పొట్లం విప్పి ముందు నాకే పెట్టింది. తినేదాకా ముగ్గురూ నా వైపే చూస్తూ కూర్చున్నారు.